బూడిద గృహప్రవేశం

మంచుగెడ్డలో చలి ఉందన్న సంగతి ఆ ఊరి పురపాలక సంఘానికి అధికారికంగా తెలిసింది ఆ ఏడు కార్తీకమాసం చివర్లో. అంతకు ముందు చలి లేదని కాదు. కొండ మీద ఊరు. తెల్లారి తలుపు తీస్తే ఎదురింటి గుమ్మం కనిపించదు. కొబ్బరినూనె సీసాలో బిగుసుకుపోయి, ఆడవాళ్ళు దాన్ని పొయ్యి గట్టు మీద పెట్టి బతిమాలుకోవాల్సి వస్తుంది. కానీ అదంతా జనం చలి. రాజధాని నుంచి సర్క్యులర్ వచ్చాకే అది ప్రభుత్వ చలి అయింది.

సర్క్యులర్ మనుషుల గురించి కాదు, కుక్కల గురించి. ఎవరో చాలా పెద్దాయన పొద్దున్నే నడకకు వెళ్తే వెంట ఉన్న విదేశీ కుక్క వరసగా తుమ్మిందనీ, ఆయన మనసు చివుక్కుమని సాయంత్రానికల్లా 'వెచ్చని నేస్తం' పథకం తయారైందనీ చెప్పుకున్నారు. నిజమో అబద్ధమో మనకెందుకు? "శీతకాలమున శునకజాతి ఎదుర్కొనుచున్న ఇక్కట్లను ప్రభుత్వము తీవ్రముగా పరిగణించినది" అని మొదలైన ఆ కాగితం, ప్రతి పురపాలక సంఘమూ ఒక శీతబాధిత శునకాన్ని గుర్తించి, దానికి యుద్ధప్రాతిపదికన పక్కా ఇల్లు కట్టించి, కంబళి ఇచ్చి, వెచ్చగా ఉంచాలని ఆదేశించింది.

కమిషనర్ విశ్వంభరరావు గారు సిబ్బందిని పిలిచి కాగితాన్ని ఆసాంతం చదివారు. ఆయన గొంతులో ఏ కాగితమైనా గంభీరంగానే ఉంటుంది, కాఫీ బిల్లుతో సహా. చదవడం అయ్యాక కళ్ళజోడు తీసి, "మన పరిధిలో అర్హత గల శునకం ఏదైనా ఉన్నచో క్షేత్రస్థాయి నుంచి ప్రతిపాదన రావలెను" అన్నారు.

ప్రతిపాదన ఇచ్చినవాడి నెత్తినే పని పడుతుందని తెలిసిన సిబ్బంది అంతా నేల చూపులు చూస్తూ నిలబడ్డారు. సీనియర్ అసిస్టెంటు లింగమూర్తి ఒక్కడే చెయ్యెత్తాడు.

"మన బూడిద ఉంది కదండీ, సార్."

బూడిద అంటే ఆఫీసు ఆవరణలో, సైకిల్ స్టాండు పక్కన అప్పయ్యమ్మ టీకొట్టును నమ్ముకుని బతికే ముసలి కుక్క. రాత్రి కొట్టు కట్టేసేటప్పుడు అప్పయ్యమ్మ కట్టెల పొయ్యిలోని బూడిదంతా వెనక్కి లాగి పోస్తుంది. ఆ వెచ్చటి బూడిదలో ముక్కు దాకా కూరుకుని పడుకుంటుంది కాబట్టి దానికి ఆ పేరొచ్చింది. అసలు రంగేమిటో ఆఫీసులో ఎవరికీ తెలీదు. లింగమూర్తికి పెళ్ళాం పిల్లలు ఉన్నారు, ఇల్లుంది, కానీ పొద్దున్నే ఆఫీసుకు వస్తే తోక ఊపేది మాత్రం బూడిద ఒక్కటే. తన రస్కులో సగం దానికి పెట్టి గానీ టీ ముట్టడు. పోయిన చలికాలం దానికి వెనక కాళ్ళు పట్టేసి లేవలేకపోతే అప్పయ్యమ్మా తనూ వేడి నూనె రాసి రాసి బతికించుకున్నారు. ఈ చలికాలం దాటుతుందా అని దీపావళి నాటి నుంచే అతనికి బెంగ పట్టుకుంది. అలాంటివాడికి ప్రభుత్వమే ఇల్లు కట్టించి కంబళి కప్పుతానంటే ప్రాణం లేచొచ్చింది. ఇరవై ఏళ్ళ సర్వీసున్న మనిషి ప్రభుత్వాన్ని అంత సులువుగా ఎలా నమ్మాడని అడక్కండి. ప్రేమ మనిషి చేత ఎలాంటి పిచ్చి పనైనా చేయిస్తుంది.

మర్నాడు కమిషనర్ గారు లబ్ధిదారుణ్ణి స్వయంగా పరిశీలించడానికి టీకొట్టు వెనక్కి వచ్చారు. వెంట పశువైద్యుడు డాక్టర్ ఇమ్మానుయేలు, ఇంజనీరు త్రినాథ్. బూడిద తన బూడిదలో కాళ్ళు చాపుకుని, నోరు కొంచెం తెరిచి, హాయిగా గుర్రు పెడుతోంది.

కమిషనర్ గారి మొహం మాడిపోయింది.

"ఏం లింగమూర్తీ, ఇది వణకడం లేదే?"

"వెచ్చగా ఉంది కదండీ సార్, అందుకని."

"వెచ్చగా ఉన్నదానికి పథకమెందుకయ్యా? దీనికి ప్రత్యామ్నాయ ఆవాసం ఉన్నట్టు కళ్ళకు కనిపిస్తోంది. ఇల్లున్నవారికి ఇల్లెలా ఇస్తాం? ఆడిట్ వాళ్ళు నన్ను ఊరుకుంటారా?"

లింగమూర్తి కంగారుపడి, ఇది ముసలిదనీ, కాళ్ళు పట్టేస్తాయనీ, అర్ధరాత్రి దాటాక బూడిద చల్లారిపోతుందనీ ఏదేదో చెప్పాడు. కమిషనర్ గారు సహృదయులు. లబ్ధిదారుణ్ణి వదులుకోవడం ఆయనకూ ఇష్టం లేదు, ఎందుకంటే పక్క ఊరి పురపాలక సంఘం అప్పటికే రెండు కుక్కల్ని గుర్తించిందని కబురు. కాసేపు ఆలోచించి, "అయితే ముందు దీనికి అర్హత కల్పించాలి" అన్నారు.

అర్హత కల్పించడమంటే ఏమీ లేదు, వణికించడమే. బూడిదను లేపి, బూడిదలోంచి లాగి, ఆఫీసు వరండా స్తంభానికి కట్టేశారు. ఫొటోలో రంగు సరిగా పడడం లేదని పారిశుధ్యం వాళ్ళు రెండు బిందెల చన్నీళ్ళు కుమ్మరించారు. రంగు బయటపడింది. తెలుపు. ముసలి కుక్క తడిసి, ముడుచుకుని, పళ్ళు టకటక కొట్టుకుంటూ నిలబడితే, ఎదురుగా డాక్టర్ ఇమ్మానుయేలు చేతులు కట్టుకుని చూశాడు.

"వణుకుతోందా డాక్టరుగారూ?" అన్నారు కమిషనర్ గారు ఆత్రంగా.

"వణకదా సార్ మరి?"

"మీ అభిప్రాయం అడగలేదు. సర్టిఫికెట్ ఇవ్వగలరా?"

డాక్టరు ఇచ్చాడు. ఆవాసం లేనందువలన తీవ్రంగా వణకుచున్నదని రాసి సంతకం పెట్టాడు. పొయ్యి కట్టెలు సర్దుతున్న అప్పయ్యమ్మ ఆ తతంగమంతా చూసి నడుం మీద చెయ్యేసుకుని వచ్చింది.

"ఏటి బాబూ ఈ సోద్దెం? ఎచ్చగా పడుకున్నోణ్ణి లేపి, తడిపీసి, ఈడు వణుకుతున్నాడని రాసుకుంటారా?"

"ఇల్లొస్తుంది అప్పయ్యమ్మా. కంబళి కూడా ఇస్తారు. ఒక్క నాలుగు రోజులు ఓర్చుకుందాం" అన్నాడు లింగమూర్తి. తన తువ్వాలుతో కుక్కను తుడుస్తూ అన్నాడే గానీ, ఆ మాట అనేటప్పుడు అతని గొంతులో బలం లేదు.

ఇల్లు మాత్రం నిజంగానే త్వరగా లేచింది. ఇంజనీరు త్రినాథ్ పని రాక్షసుడు. రాజధాని నుంచి వచ్చిన నమూనా ప్రకారం అంగుళం తేడా రాకుండా కట్టించాడు. నమూనా గీసినాయన ఎండలు మండే ఊరివాడు కావడం చేత ఇంటికి నాలుగు పక్కలా కిటికీలు పెట్టాడు, గాలి ధారాళంగా ఆడడానికి. గుమ్మం ఉత్తరానికి ఉంది. మంచుగెడ్డలో చలిగాలి వచ్చేది కూడా ఉత్తరం నుంచే. లింగమూర్తి అది చూపించి, గుమ్మం కాస్త తిప్పలేరా అని అడిగితే త్రినాథ్ జాలిగా నవ్వాడు.

"గాలిని తిప్పితే నాకభ్యంతరం లేదు మూర్తిగారూ. గుమ్మం తిప్పాలంటే మాత్రం చీఫ్ ఇంజనీరు గారి అనుమతి కావాలి."

గోడకు నల్లరాతి ఫలకం బిగించారు. దాని మీద పథకాన్ని ఊహించినవారు, ఆమోదించినవారు, పర్యవేక్షించినవారు, ప్రారంభించబోయేవారు, అందరి పేర్లూ పట్టాలి కాబట్టి ఫలకం ఇంటి కన్నా ఎత్తు వచ్చింది. ఎవరి పేరూ చిన్న అక్షరాల్లో వెయ్యడానికి వీల్లేదు. లబ్ధిదారు పేరుకి చోటు మిగల్లేదు. లోపల ఒక గట్టు, గట్టు మీద మడతపెట్టిన ఎర్ర కంబళి. కొత్త సున్నం వాసన. లింగమూర్తికి అది చూసి కళ్ళు చెమర్చాయి. కిటికీల సంగతి తర్వాత గోనెలు కట్టి చూసుకోవచ్చులే అనుకుని, బూడిద మెడలో తాడు పట్టుకుని మెట్టు ఎక్కబోయాడు.

"ఆగండాగండి" అంటూ త్రినాథ్ పరిగెత్తుకొచ్చి తలుపు మూసి తాళం వేశాడు. "ప్రారంభోత్సవం కాకుండా లోపలికి ఎలా తీసుకెళ్తారండీ?"

ఇదిగో, అసలు కథ ఇక్కడ మొదలైంది.

ప్రారంభోత్సవం గౌరవనీయుల చేతుల మీదుగా జరగాలి. గౌరవనీయులకు పేరు ఉంది గానీ ఆ ప్రాంతంలో ఎవరూ దాన్ని నోటితో పలకరు, భయమో భక్తో మరి. ఆయన ముహూర్తం లేకుండా జేబురుమాలు కూడా మార్చరు. కమిషనర్ గారు ఫోన్ చేసి అడిగితే ఆయన తరఫున సిద్ధాంతిగారు జవాబిచ్చారు. ధనుర్మాసం వచ్చేసింది, గృహప్రవేశాలకు పనికిరాదు. ఆ తర్వాత పుష్యం. పుష్యం శూన్యమాసం, అసలే పనికిరాదు. మాఘంలో దశమి నాడు దివ్యమైన లగ్నం ఉంది, అప్పుడు పెట్టుకోండి. ఈలోగా గృహస్థు జన్మనక్షత్రం ఏమిటో కనుక్కుని చెప్పండి, తారాబలం చూడాలి.

"జన్మనక్షత్రమా సార్?" అన్నాడు లింగమూర్తి.

"అడిగారు కదా, విచారించి నివేదించు."

లింగమూర్తి విచారించడానికి అప్పయ్యమ్మ దగ్గరికే వెళ్ళాడు. అప్పయ్యమ్మ గ్లాసులు కడుగుతూ తలెత్తకుండా వింది.

"సెత్తకుప్పలో దొరికినోడికి నచ్చత్రవేటి బాబూ? నా పెద్ద కొడుకుదే నాకు గేపకం లేదు."

రోహిణి అని రాసి పంపాడు, తన నక్షత్రం అదే కాబట్టి. తర్వాత ధైర్యం చేసి కమిషనర్ గారి గదిలోకి వెళ్ళాడు. చలి అంతా పుష్యంలోనే ఉంటుంది, మాఘం దశమికి ఎండలు మొదలవుతాయి, చలికాలం పోయాక చలికాలం ఇల్లు ఎందుకు సార్, అది కుక్క కదా, దానికి గృహప్రవేశమేమిటి, రాత్రిళ్ళు లోపల పడుకోనిద్దాం అని నచ్చజెప్పాడు.

విశ్వంభరరావు గారు ఎంతో ఓపికగా విన్నారు.

"కుక్కదైనా మనిషిదైనా ఇల్లు ఇల్లే లింగమూర్తీ. శూన్యమాసంలో ఇంట్లో అడుగు పెడితే గృహస్థుకు అరిష్టం. లబ్ధిదారు క్షేమమే కదా మన పథక లక్ష్యం?"

"పోనీ అంతవరకూ మళ్ళీ పొయ్యి దగ్గరికి పోనిద్దాం సార్."

"అదెలా? ఆవాసం లేదని సర్టిఫికెట్ ఇప్పించాం. ఇప్పుడది పొయ్యి దగ్గర దొరికితే మనం తప్పుడు లబ్ధిదారును ఎంపిక చేసినట్టు కాదా? ఇంటి ఖర్చు ఎవరి జీతంలోంచి కోస్తారనుకున్నావ్? ప్రతిపాదించినవాడి జీతంలోంచి." ఆయన గొంతు తగ్గించి, "ఆ విషయం కూడా ఒకసారి మానవీయ కోణంలో ఆలోచించుకో" అన్నారు.

అలా బూడిదను సొంత ఇంటి ముందు కట్టేశారు. కంబళి లోపల, కుక్క బయట, మధ్యలో తాళం. అది రాత్రిళ్ళు తాడు తెంపుకుని టీకొట్టు వైపు పోతోందని తెలిసి ఒక వాచ్‌మన్‌ను వేశారు. వాచ్‌మన్ చలికి నాలుగు పుల్లలు మండించుకుంటే కుక్క వచ్చి పక్కన చేరింది. లబ్ధిదారుకు అనధికారికంగా వేడి సరఫరా చేసినందుకు అతనికి మెమో వచ్చింది. దాంతో అతను మంట ఆర్పి, కుక్కతో సమానంగా వణకడం మొదలెట్టాడు. అప్పయ్యమ్మకు కూడా ఒక నోటీసు అందింది. ఆమె పొయ్యిలోని బూడిద లబ్ధిదారును ప్రలోభపెట్టుచున్నందున సాయంత్రం కాగానే దాన్ని పారిశుధ్య విభాగానికి అప్పగించవలెనట. లింగమూర్తి ఒక గోనెసంచి తెచ్చి కప్పితే త్రినాథ్ వచ్చి తీయించాడు. తప్పు పట్టకండి మూర్తిగారూ, గౌరవనీయులు కంబళి కప్పే ఫొటోకి ముందే ఎవరో గోనె కప్పిన ఫొటో బయటికి పొక్కితే బాగుండదు కదా అన్నాడు.

చలి ఎంతుందో ప్రతి సోమవారం రాజధానికి నివేదించాలి. అందుకోసం మంచి ఉష్ణమాపకం ఒకటి పంపించారు. ప్రభుత్వ ఆస్తి, బయట పెడితే ఎవరైనా ఎత్తుకుపోతారు. కాబట్టి దాన్ని కమిషనర్ గారి గదిలో, ఆయన కాళ్ళు కాచుకునే హీటరుకు సరిగ్గా పైన గోడకు తగిలించారు. ప్రతి సోమవారం అది వైశాఖమాసం చూపించేది. మంచుగెడ్డలో చలి పూర్తిగా అదుపులో ఉందని నివేదికలు వెళ్ళాయి. ఇంత స్వల్పకాలంలో చలిని అదుపు చేసిన పురపాలక సంఘం ఇదొక్కటేనని రాజధాని నుంచి అభినందన వచ్చింది. ఆ అభినందన చదివి వినిపించిన రోజున సిబ్బంది చప్పట్లు కొట్టారు. వేళ్ళు కొంకర్లు పోయాయేమో, చప్పుడు పెద్దగా రాలేదు.

పుష్యం నడిమధ్యలో ఒకరోజు పొద్దున మంచు ఎంత దట్టంగా ఉందంటే లింగమూర్తి తడుముకుంటూ ఆఫీసు గేటు దాటాడు. రోజూ అతని అడుగుల చప్పుడుకే తోక నేలకేసి కొట్టే బూడిద ఆవేళ కొట్టలేదు. దగ్గరికెళ్ళి చూస్తే నల్లరాతి ఫలకం కింద చుట్ట చుట్టుకుని పడి ఉంది. బొచ్చు మీద మంచు నీరు. రస్కు మూతి దగ్గర పెడితే వాసన చూసింది గానీ నోరు తెరవలేదు. లేపబోతే వెనక కాళ్ళు కర్రల్లా బిగుసుకుని ఉన్నాయి. కళ్ళు మాత్రం తిప్పి అతని వంక చూసింది.

చచ్చిపోతుంది, ఈ రాత్రి గడవదు, నా చేతులారా నేనే చంపుకుంటున్నాను అనుకున్నాడు లింగమూర్తి. ఎక్కడలేని ఏడుపూ వచ్చింది. ఏడుపు వెనకే, అతని సర్వీసులో ఎన్నడూ రానిది, కోపం వచ్చింది. తాడు విప్పి, కుక్కను రెండు చేతులా ఎత్తుకుని టీకొట్టుకు తీసుకుపోయి అప్పయ్యమ్మ ఒళ్ళో పెట్టాడు. "పొయ్యి రాజెయ్యి. ఎవడొచ్చినా నా పేరు చెప్పు" అని తిన్నగా కమిషనర్ గారి గదిలోకి నడిచాడు. తలుపు కొట్టలేదు కూడా.

"సార్, బూడిద పేరు పథకంలోంచి తీసెయ్యండి."

విశ్వంభరరావు గారు హీటరు మీంచి కాళ్ళు తీసి కింద పెట్టారు. "తొలగింపుకు నిబంధనల్లో అవకాశం లేదు లింగమూర్తీ. ఒకసారి లబ్ధిదారు అయ్యాక లబ్ధి పొందాల్సిందే. మరణిస్తే తప్ప."

లింగమూర్తి ఒక్క క్షణం గోడ మీది ఉష్ణమాపకం వైపు చూశాడు.

"అయితే మరణించింది సార్."

"ఎప్పుడు?"

"ఇప్పుడే."

కమిషనర్ గారు కుర్చీలో కూలబడ్డారు. పాపం, ఆయనకు నిజంగానే దిగులు వేసింది. కట్టిన ఇల్లు, చెక్కించిన ఫలకం, మాఘంలో రాబోయే గౌరవనీయులు, అన్నీ కళ్ళ ముందు గిర్రున తిరిగాయి. గృహస్థు లేకుండా గృహప్రవేశమేమిటి? ఆయన చాలాసేపు బల్ల మీద వేళ్ళతో తాళం వేశారు. ఉన్నట్టుండి తాళం ఆగింది, మొహం విప్పారింది.

"లింగమూర్తీ, స్మారక మందిరానికి ముహూర్తంతో పనుందా?"

"అంటే సార్?"

"గృహప్రవేశం శుభకార్యం. సంతాపం శుభకార్యం కాదు. దానికి శూన్యమాసం అడ్డం రాదు." ఆయన అప్పటికే ఫోన్ అందుకున్నారు.

గౌరవనీయులు వెంటనే ఒప్పుకున్నారు. పుష్యంలో శుభకార్యాలేవీ ఉండవు కాబట్టి పాపం ఆయనకు పత్రికల్లో ఫొటో పడక చాలా రోజులైంది. మాఘం దాకా దొరకని మనిషి ఆ వారంలోనే దొరికాడు. 'వెచ్చని నేస్తం' ఇల్లు, వెచ్చని నేస్తం స్మృతి భవనంగా మారింది. ఫలకం మీద ఒక్క వరస చెరిపి చెక్కిస్తే సరిపోయింది.

ఇక మిగిలింది మరణ ధ్రువీకరణ. డాక్టర్ ఇమ్మానుయేలు టీకొట్టు వెనక్కి వచ్చేసరికి మృత లబ్ధిదారు బూడిదలో పడుకుని అప్పయ్యమ్మ చేతిలోని పాలరొట్టె నాకుతోంది. కాళ్ళకు నూనె రాసి కాపడం పెట్టడంతో కాస్త తేరుకుంది. డాక్టరు పక్కన గొంతుక్కూర్చుని దాని ఛాతీ మీద చెయ్యి పెట్టాడు.

"మూర్తిగారూ, గుండె కొట్టుకుంటోందండీ."

"అది వైద్యపరంగా డాక్టరుగారూ. పరిపాలనాపరంగా ఆగిపోయింది."

"ఈడు సచ్చిపోయినాడని రాసీయండి బాబూ, మీకు పున్నెం ఉంటాది" అంది అప్పయ్యమ్మ చేతులు జోడించి. "మీరు రాత్తేనే ఈడు బతుకుతాడు."

ఇమ్మానుయేలు ఇద్దరి వంకా చూశాడు. బూడిద అతని బొటనవేలు నాకింది. అతను నిట్టూర్చి పెన్ను తీశాడు. "పొయ్యికి పది అడుగుల్లో ఉన్నదానికి ఆవాసం లేదని రాశాను. దానికన్నా ఇది నయం. కారణం ఏం రాయమంటారు? చలి అని రాయొచ్చా?"

"చలి అదుపులో ఉందండీ. ప్రతి సోమవారం పంపిస్తున్నాం" అన్నాడు లింగమూర్తి.

"నివేదికల్లో ఎంత చూపిస్తున్నారు?"

లింగమూర్తి చెప్పాడు. డాక్టరు తల పంకించి, ఆ లెక్కకు పొసిగే కారణం ఒక్కటే ఉందంటూ, వడదెబ్బ అని రాసి సంతకం పెట్టాడు.

సంతాప సభ వైభవంగా జరిగింది. షామియానా వేశారు, మైకు పెట్టారు, బూడిద ఫొటోకు బంతిపూల దండ వేశారు. చన్నీళ్ళతో తడిపిన రోజు తీసిన ఫొటో అది. గౌరవనీయులు ఉన్ని టోపీ, మఫ్లరు, చేతి తొడుగులతో వచ్చి, మూగజీవాల చలిబాధ తనకు చిన్నప్పటి నుంచీ తెలుసని చెప్పారు. అందరూ లేచి మౌనం పాటించారు. ఆ మౌనంలో వెనక వరసల వాళ్ళ పళ్ళు కొట్టుకోవడం మైకులో వినిపించింది. తర్వాత శాలువాలు. గౌరవనీయులకు ఒకటి, ఆయన వెంట వచ్చినవారికి తలా ఒకటి, కమిషనర్ గారికి, త్రినాథ్‌కి, డాక్టరుకి, ఆఖరున లబ్ధిదారును గుర్తించిన ఉత్తమ ఉద్యోగిగా లింగమూర్తికి. అన్నీ శీత నివారణ వస్త్రాల పద్దు కింద కొన్నవే.

లింగమూర్తి మెడ వంచి శాలువా కప్పించుకుంటూ ఉండగా వేదిక కింద కలకలం రేగింది. పులిహోర వాసన పసిగట్టి, కుంటుకుంటూ, మనుషుల కాళ్ళ మధ్య దారి చేసుకుంటూ బూడిద వచ్చింది. వచ్చి, దండ వేసిన తన ఫొటో పక్కన చతికిలబడింది.

లింగమూర్తికి వీపున చెమట పట్టింది, అంత చలిలో.

గౌరవనీయులు ఫొటో చూశారు. కుక్కను చూశారు. "ఏమయ్యా కమిషనరూ, ఇది అచ్చం దానిలాగే ఉందే?"

విశ్వంభరరావు గారి ముప్పై ఏళ్ళ పరిపాలనానుభవం ఊరికే పోతుందా? "దివంగతుడి బంధువర్గం సార్. పరామర్శకు వచ్చినట్టుంది."

గౌరవనీయుల మనసు కరిగిపోయింది. మఫ్లరు కొసతో కళ్ళద్దుకుని మైకు దగ్గరికి లాక్కున్నారు. "మన ప్రభుత్వంలో ఉద్యోగి పోతే కుటుంబంలో ఒకరికి కారుణ్య నియామకం ఇస్తున్నాం. ఈ మూగజీవానికి అన్యాయం జరగనిస్తామా? ఈ భవనం ఇప్పుడే, ఈ క్షణమే, ఈ శునకానికి కేటాయిస్తున్నాను. కట్టేయండి దాన్ని ఇక్కడే."

చప్పట్లు మోగాయి. వాచ్‌మన్ తాడు పట్టుకుని లేచాడు. అప్పయ్యమ్మ గుంపు వెనక నుంచి లింగమూర్తి వంక చూసింది. మళ్ళీ ఉత్తరం గాలి, మళ్ళీ నల్లరాతి ఫలకం, ఈసారి కుక్క రెండు రాత్రులు కూడా ఉండదు. ఏం చెయ్యాలో తోచక నోరు తెరిచాడు. తెరిచిన నోట్లోంచి మాట దానంతటదే వచ్చింది.

"సార్, ఇల్లు కేటాయించడమంటే గృహప్రవేశం కింద లెక్క సార్."

"అయితే?"

"పుష్యమాసం సార్. శూన్యమాసంలో ఇల్లిస్తే పుచ్చుకున్నవాళ్ళకే కాదు, ఇచ్చినవాళ్ళకు కూడా అరిష్టమని సిద్ధాంతిగారు అంటుంటారు."

గౌరవనీయుల చెయ్యి మైకు మీంచి జారింది. ఆయన చుట్టూ చూశారు, ఫొటోలు తీసేవాళ్ళను చూశారు, ఆ పైన ఆకాశం వంక కూడా ఒకసారి చూశారు. "అవునవును. నోరు జారింది. ఆ మాట వెనక్కి తీసుకున్నాను, రాసుకోవద్దు" అని ముమ్మారు లెంపలేసుకున్నారు. "మాఘం రానీ, అప్పుడు చూద్దాం. అంతవరకూ దీన్ని ఎవరూ కట్టకండి, ఇంటి చాయలకు రానివ్వకండి. ఎక్కడిది అక్కడే ఉండనివ్వండి."

"తమ ఆదేశం సార్" అన్నాడు లింగమూర్తి. ఇరవై ఏళ్ళలో ఆ మాట అతను మనస్ఫూర్తిగా అనడం అదే మొదటిసారి.

సభ ముగిసి కార్లు కొండ దిగాక, షామియానా విప్పుతుండగా, లింగమూర్తి టీకొట్టు దగ్గరికి నడిచాడు. సాయంత్రపు మంచు దిగుతోంది. అప్పయ్యమ్మ పొయ్యి వెనక బూడిద అంతా లాగి పోసింది. అందులో పులిహోర తిన్న కడుపుతో బూడిద కూరుకుని పడుకుంది. లింగమూర్తి భుజాల మీది శాలువా తీసి, మడత విప్పి, వంగి, మెల్లగా దాని మీద కప్పాడు. జరీ అంచు తళతళలాడింది. పథకం మొత్తంలోంచి దానికి దక్కిన గుడ్డ అదొక్కటే.

బూడిద ఒక కన్ను తెరిచింది. శాలువాను వాసన చూసింది. పళ్ళతో అంచు పట్టుకుని పక్కకు లాగేసి, మళ్ళీ ముక్కు దాకా బూడిదలోకి దూరింది.

"ఏమిట్రా ఇది, ఎంత ప్రేమగా కప్పాను" అన్నాడు లింగమూర్తి నొచ్చుకుని.

అప్పయ్యమ్మ ఆ శాలువాను వేళ్ళ మధ్య నలిపి చూసింది. పొయ్యి వెలుగు దానిలోంచి ఇవతలికి కనిపించింది.

"సలి ఆపే గుడ్డయితే ఆళ్ళు మీకెందుకు కప్పుతారు బాబూ?" అని దాన్ని తీసి గ్లాసులు తుడిచే గుడ్డల్లో వేసింది. తర్వాత అతనికి టీ పోసి, పొయ్యి దగ్గరికి బల్ల జరిపింది. లింగమూర్తి కాళ్ళు బూడిదలో పెట్టుకుని కూర్చుని టీ తాగాడు.